మూలన కూర్చున్న పెద్దాయన

పూర్వం మన ఇళ్ళల్లో మూల కుర్చీలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఎప్పుడో ఒక మాట అనేవాడు. ఆ ఒక్క మాటతో ఇంటికి నిండుదనం వచ్చేది. అదే ఆయన రోజంతా మాట్లాడటం మొదలుపెడితే మాత్రం ఎవరికీ నిద్ర ఉండేది కాదు. స్టీరియో పక్కన చేర్చే సబ్‌ఊఫర్ పెట్టెని చూసినప్పుడల్లా నాకు ఆ పెద్దాయనే గుర్తొస్తాడు. అదీ చాలా ఇళ్ళల్లో మూలనే కూర్చుంటుంది. దానికి తెలిసింది మంద్రస్థాయి ఒక్కటే.

ఈ మంద్రం మన గదుల్లోకి రావడానికి చాలా కాలమే పట్టింది సుమండీ. 1925కి ముందు రికార్డులు తీయడానికి మైకులు వాడేవారు కారు. గాయకుడు పెద్ద బాకాలోకి పాడితే, ఆ గాలి ఊపుకే సూది కదిలి మైనం మీద గీతలు పడేవి. గొంతు ఎలాగో పడేదిగాని మృదంగం ఎడమవైపు మోతలాంటివి ఆ గీతల్లోకి సరిగా ఎక్కేవి కావు. 1925లో విద్యుత్తుతో రికార్డు చేయడం వచ్చింది. ఆ ఏడే అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రైస్, కెలాగ్‌లు అయస్కాంతం నడుమ తీగచుట్ట, దానికి కాగితపు శంకువు తగిలించి నేటి స్పీకరుకి రూపమిచ్చారు.

అయినా ఒక చిక్కు మిగిలింది. స్వరం ఒక స్థాయి కిందికి దిగితే, అంటే కంపనాలు సగమైతే, అంతే గట్టిగా వినిపించడానికి శంకువు నాలుగింతలు ఊగాలి. అందుకని మంద్రం కావాలన్నవాళ్ళు బీరువాలాంటి పెట్టె తెచ్చుకోవలసి వచ్చేది. 1954లో ఎడ్గర్ విల్చర్ అనే ఆయన హెన్రీ క్లాస్‌తో కలిసి, గాలి చొరబడకుండా మూసిన చిన్న పెట్టె చేశాడు. లోపల చిక్కుకున్న గాలే శంకువుకి స్ప్రింగులా పనిచేస్తుందన్నమాట. నాలుగేళ్ళకి స్టీరియో రికార్డులు వచ్చి ఇంటికి రెండు పెట్టెలు కావలసి వచ్చినప్పుడు ఈ చిన్న పెట్టె విలువ తెలిసింది.

తర్వాత మంద్రాన్ని వేరు కాపురం పెట్టించారు. 1968లో ఇన్ఫినిటీ కంపెనీ 18 అంగుళాల ఊఫరుని విడి పెట్టెలో పెట్టి అమ్మింది. 1974లో 'ఎర్త్‌క్వేక్' సినిమాకి హాళ్ళల్లో పెద్ద పెద్ద పెట్టెలు పెట్టి కుర్చీలు అదరగొట్టారు. హాలీవుడ్‌లోని చైనీస్ థియేటరులో పైనుంచి పెచ్చులు రాలతాయేమోనని వల కట్టారట! 1992లో డాల్బీ డిజిటల్ వచ్చి మంద్రానికి ప్రత్యేకంగా ఒక దారి కేటాయించింది. డీవీడీలతో ఆ దారి మన ముందుగదిదాకా వచ్చింది.

తీరా వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టాలి? సెకనుకు 80 కంపనాలకన్నా తక్కువ ధ్వని ఏ దిక్కునుంచి వస్తోందో మన చెవి పోల్చుకోలేదు. అందుకే పెట్టె ఎక్కడున్నా ఫరవాలేదనుకుంటాం. కాని గది ఒప్పుకోదు. సెకనుకు 40 కంపనాల ధ్వని అల ఒక్కొక్కటి 8.6 మీటర్లు. అందులో సగం, అంటే 4.3 మీటర్ల పొడవున్న గదిలో, ఆ అల గోడకి కొట్టుకుని తిరిగి వచ్చి నట్టనడుమ తనని తానే మింగేస్తుంది. మధ్యలో కూర్చున్నవాడికి మోతే లేదు, గోడవార కూర్చున్నవాడికి హోరు!

దీనికో చిట్కా ఉంది. పెట్టెని మీరు కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టి, పాట పెట్టి, మీరు గోడల వెంబడి మోకాళ్ళమీద పాకుతూ వినండి. మోత ఎక్కడ నిండుగా, సమంగా వినిపిస్తే అక్కడే పెట్టె స్థానం. ఇంట్లోవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. రెండు పెట్టెలు కొనే స్తోమతుంటే ఎదురెదురు గోడల మధ్యన చెరొకటి పెట్టడం మంచిదని 2002లో టాడ్ వెల్టీ లెక్కలు కట్టి చూపించాడు. ఇక 80 దగ్గర మీట తిప్పి, ఫేజు స్విచ్చి రెండు వైపులా వేసి చూసి, ఎటు వేస్తే నిండుగా ఉంటే అటు ఉంచండి.

మిగిలింది వాల్యూము. అసలు తగవంతా దాంతోనే. సన్నని ధ్వనుల్ని పరదాలు, పరుపులు కొంత మింగుతాయి. మంద్రానికి అవేం లెక్కలేదు. గోడల్లోంచీ శ్లాబుల్లోంచీ సాగిపోతుంది. అపార్టుమెంట్లలో పాట మనకి, దెబ్బ పక్కింటివాళ్ళకి. రాగం తెలీకుండా దరువు మాత్రం గంటల తరబడి వినే ఆ ముసలివాళ్ళనీ, పరీక్షలకి చదువుకునే పిల్లల్నీ ఒక్కసారి తలుచుకోండి. వాళ్ళు మొహమాటపడి తలుపు తట్టకపోవచ్చు.

నేను పాటించే కొలత ఒకటుంది. పెట్టె ఉన్నట్టు తెలియనంతవరకు తగ్గిస్తాను. తర్వాత ఒక్కసారి ఆపేస్తాను. పాట ఒక్కసారిగా బోడిగా అనిపించిందా, అదే సరైన మట్టం. పెద్దాయన మూలన ఉన్నాడని ఇంట్లోవాళ్ళకి తెలిస్తే చాలు, వీధికి తెలియనక్కర్లేదు.