కోదాడసీమ నటుడు కాంతారావుగారు: వారి పాత్రవైవిధ్య విమర్శనము

ఈ సంచికకు చరిత్రవ్యాసమొకటి వ్రాయుమని మమ్ము కోరినవారు, మేము శాసనములను గూర్చియో దేవాలయములను గూర్చియో వ్రాయుదుమని తలంచియుందురు. సూర్యాపేట చెంగట పిల్లలమఱ్ఱి యాలయములు కలవు. మిర్యాలగూడ దాపున మూసీ కృష్ణలు కలియు వాడపల్లి క్షేత్రము కలదు. వానిని గూర్చి పెద్దలు పలువురు వ్రాసియున్నారు. శిలపై నిలిచినదానికి చదువరులు దొరకుదురు. తెరపై మెఱసి మాయమైనదానికి చరిత్రకారుడు దొరకుట యరుదు. కావున మేమీ యేడు కోదాడసీమలోని గుడిబండ గ్రామమున జన్మించి, అర్ధశతాబ్దికి మించి తెలుగువారి కన్నులయెదుట నిలిచిన తాడేపల్లి లక్ష్మీకాంతారావుగారి పాత్రపోషణమును గూర్చి వ్రాయ సంకల్పించితిమి.

తెలంగాణమున కవులు లేరను మాటకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించి, 354 కవులను లోకమునకు జూపిరి. లేదన్నవానితో వాదించుట కంటె ఉన్నదానిని ముందుంచుట మేలని వారు నిరూపించిరి. కవుల విషయమున వారు చూపిన శ్రద్ధను నటుల విషయమున మనము చూపితిమా యని ప్రశ్నించుకొనవలసియున్నది. కత్తి చేతబట్టిన రాకుమారుడను నొక్క చిత్తరువుగా మాత్రమే కాంతారావుగారిని జ్ఞప్తియందుంచుకొనుట వారికి న్యాయము చేయుట గాదని మా యభిప్రాయము. ఆ యభిప్రాయమునకు హేతువులను క్రింద వివరించెదము.

కాంతారావుగారు 1923వ సంవత్సరము నవంబరు 16వ తేదీన జన్మించిరి. గుడిబండ యప్పుడు నల్లగొండ జిల్లాలోనిది. 2016 నుండి సూర్యాపేట జిల్లాలో చేరినది. ఆనాటి నైజాము రాజ్యమున పాలనభాష ఉర్దూ. పల్లెవానికి మంచి తెలుగు చెవిని బడుటకు పురాణకాలక్షేపము, హరికథ, యక్షగానము, చిందు భాగవతము, ఊరూర తిరుగు నాటకసమాజములు, ఇవియే సాధనములు. అక్షరము రానివాడును వీనివలన రామాయణ భారతములను కంఠస్థము చేయుచుండెను. ఇట్టి సీమలో పెరిగిన బాలుడు పిదప తెరపై నారదుడై, లక్ష్మణుడై, శ్రీకృష్ణుడై నిలిచి సమాసభూయిష్ఠమైన తెలుగును తొట్రుపాటు లేక పలుకుటలో వింత లేదు. బడి యియ్యనిదానిని రచ్చబండ యిచ్చినది.

తెలుగు చలనచిత్రములకు అప్పటి నిలయము చెన్నపట్టణము. కోదాడ హైదరాబాదునకును బెజవాడకును నడుమ రాచబాటపై నున్నది. ఆ బాట వెంట తూర్పునకు బోయి, అచటనుండి దక్షిణమునకు దిగిన యువకులలో వీరొకరు. తొలి తెలుగు టాకీ యగు 1932 నాటి ‘భక్తప్రహ్లాద’కు దర్శకత్వము వహించిన హెచ్.ఎం. రెడ్డిగారి యాదరమున వీరు చిత్రసీమను ప్రవేశించిరి. 1951 నాటి ‘నిర్దోషి’ వీరి తొలిమెట్టు. 1953 నాటి ‘ప్రతిజ్ఞ’లో కథానాయకులైరి. ఆ చిత్రముననే రాజనాలగారు ప్రతినాయకులుగా తెరకు వచ్చిరి. తరువాతి యిరువది యేండ్లును వీరిరువురి కత్తులును ఎన్ని మార్లు ఖణిల్లుమన్నవో లెక్కించుట కష్టము.

ఇక పాత్రల విచారము. ధనంజయుని ‘దశరూపకము’ నాయకులను ధీరోదాత్త, ధీరోద్ధత, ధీరలలిత, ధీరశాంతులని నాలుగు విధములుగా విభజించినది. అంతతో నిలువక, పీఠమర్దుడని మఱియొకనిని చెప్పినది. ఇతడు ప్రాసంగిక కథకు నాయకుడు; విచక్షణుడు; ప్రధాననాయకునకు అనుచరుడు, భక్తుడు; గుణములలో అతనికంటె ఇంచుక తక్కువవాడు. రామాయణమున సుగ్రీవుని వంటివాడు. ఈ ‘ఇంచుక తక్కువ’ యనుమాటను మనము గమనింపవలెను. మిక్కిలి తక్కువయైనచో ప్రధాననాయకునకు తోడుగా నిలువజాలడు. సమానుడైనచో కథ రెండుగా చీలును. ఆ సన్నని గీతపై నడచుట ప్రధాననాయకుని పాత్ర కంటెను దుష్కరము. కాంతారావుగారి కళకు మర్మము ఇచట నున్నదని మేము తలంచెదము.

ముందుగా వారు పూర్ణనాయకులుగా వెలిగిన జానపద చిత్రములను జూతము. బి. విఠలాచార్యగారి ‘కనకదుర్గ పూజామహిమ’ (1960), ‘గురువును మించిన శిష్యుడు’ (1963), ‘నవగ్రహ పూజామహిమ’ (1964), ‘జ్వాలాద్వీప రహస్యము’ (1965) మొదలగునవి ఈ తరగతిలోనివి. మాయ, ఇంద్రజాలము, యుద్ధము, క్రోధము, సంభ్రమము కలిసిన వృత్తిని మన లాక్షణికులు ఆరభటి యనిరి. మాంత్రికులు, భూతములు, ఎగురు తివాచీలు, గుహలలో కత్తిపోరాటములు గల ఈ చిత్రములు ఆరభటీవృత్తికి ఇరువదవ శతాబ్దపు రూపములే. పండితులు వీనిని జూచి నవ్విరి. పామరులు నాణెము లిచ్చి మరల మరల జూచిరి. శాస్త్రము వీనికి చోటిచ్చియుండగా మనము చోటీయకుండుట తగదు.

మా బాల్యమున కోదాడ ప్రాంతపు టూరింగు టాకీసులలో నేలపై గూర్చుండి ఈ చిత్రములను జూచితిమి. మఱునాడు చేలగట్లపై కందికట్టెలే ఖడ్గములు. ఒక్క సంగతి నాడు మాకు దోచలేదు, నేడు దోచుచున్నది. ఆ రాకుమారుడు కత్తి దూయునప్పుడు సైతము మొగమున క్రౌర్యము లేదు. శత్రువు చేతి కత్తి జారిపడినచో అతడు నిలిచి, దానిని మరల గైకొనుమని సైగ చేయును. బాలురు పోరాటము నేర్చితిమనుకొనిరి. నిజమునకు మర్యాద నేర్చిరి.

పౌరాణికములకు వత్తము. నారదుడనగానే తెలుగువారికి కాంతారావుగారి మొగము తోచును. 1961 నాటి ‘సీతారామకల్యాణము’న నందమూరి తారకరామారావుగారు రావణులు, వీరు నారదులు. 1966 నాటి ‘శ్రీకృష్ణతులాభారము’న సత్యభామ వ్రతముపట్టి భర్తను దానమిచ్చునది నారదునకే. ఆ కథకు ఇరుసు నారదుడు. నారదుని హాస్యగాని చేయుట సులభము. మునిగా మాత్రమే నిలుపుటయు సులభము. కలహమును పెట్టుచు, ఆ కలహము లోకకల్యాణమునకే యని చిఱునవ్వుతో ప్రేక్షకునకు తెలుపుట కష్టము. ఖడ్గమునకు అలవడిన భుజములు తంబురను మోయునప్పుడు మెత్తబడుట వీరియందు జూడదగినది. నడకలో రాకుమారుని బిగువు లేదు. పలుకులో ఆజ్ఞ లేదు. ఇది ఆంగిక వాచికములపై పట్టున్న నటునకే సాధ్యము.

1963వ సంవత్సరము వీరి జీవితమున మిన్నయైనది. ఆ యేడు మార్చినెలలో ‘లవకుశ’ వెలువడెను. సంపూర్ణముగా రంగులలో నిర్మింపబడిన తొలి తెలుగు చిత్రమది. రామారావుగారు శ్రీరాములు, అంజలీదేవిగారు సీతాదేవి, వీరు లక్ష్మణులు. ఉత్తరరామకథలో మిక్కిలి బరువైన పని లక్ష్మణునిది. రాముడు ఆజ్ఞాపించి లోపలికి బోవును. సీత నిజమెఱుగక రథమెక్కును. ఎఱిగియుండి, నోరువిప్పక, వదినెను అడవికి గొనిపోవలసినవాడు లక్ష్మణుడొక్కడే. అన్నమాట కాదనలేడు, వదినె మొగము చూడలేడు. ఇచట కత్తికి పని లేదు, పద్యమునకు పని తక్కువ. ఉన్నది సాత్త్వికాభినయమే. కాంతారావుగారు తల వంచి నిలిచిన తీరు జూచి, ఈయన కత్తివీరుడే యన్న వారందఱును మాట మార్చుకొనవలసినది.

ఆ యేడే యక్టోబరులో ‘నర్తనశాల’ వచ్చెను. శ్రీకృష్ణ పాత్రకు పేరువడసిన రామారావుగారు అందు అర్జునులు, బృహన్నల, శ్రీకృష్ణులు కాంతారావుగారు. రెండేండ్లకు, 1965లో, ‘వీరాభిమన్యు’ వచ్చెను. అందు రామారావుగారు శ్రీకృష్ణులు, కాంతారావుగారు అర్జునులు. ఆ యేడే ‘పాండవవనవాసము’న మరల వీరే శ్రీకృష్ణులు. నరుడును నారాయణుడును ఇట్లు వేషములు మార్చుకొనుట మన చిత్రచరిత్రలో నొక ముచ్చట. జనులు దేవునిగా గొలుచు నటుడు ప్రక్కన నుండగా, ఆ దేవుని కిరీటమును తాను ధరించి ప్రేక్షకునిచే ఔననిపించుకొనుట సామాన్యము గాదు. మరల ఆ కిరీటమును దింపి, శోకార్తుడగు తండ్రియైన అర్జునుడై నిలుచుట అంతకంటె సామాన్యము గాదు. ‘గురువును మించిన శిష్యుడు’ సైతము 1963 నాటిదే. ఒక్క యేటిలో లక్ష్మణుడు, కృష్ణుడు, జానపదవీరుడు! వైవిధ్యమనగా నిదియే గదా.

సాంఘికములలో 1960 నాటి ‘శాంతినివాసము’ మొదలుకొని పలు చిత్రములందు వీరు గృహస్థులుగా నటించిరి. 1975లో బాపుగారి ‘ముత్యాలముగ్గు’న రాజా రామదాసు పాత్ర ధరించిరి. కథానాయకుని తండ్రి, వంశగౌరవము గల జమీందారు, మంచివాడు, కాని చెప్పుడు మాటలకు లోబడువాడు. పదేండ్లకు పూర్వము తానే రాకుమారుడైన నటుడు తెల్లని జుట్టుతో, తన యింటి కోడలి కష్టమునకు చూపరియై నిలుచుట జూచినవారికి కాలము నడచిన జాడ తెలియును.

ఇంతలో చిత్రసీమ యభిరుచి మాఱెను. జానపదములు తగ్గెను, పౌరాణికములు అరుదయ్యెను. కాంతారావుగారు 1969 నాటి ‘సప్తస్వరాలు’ మొదలుగా కొన్ని చిత్రములను స్వయముగా నిర్మించి, నష్టములకు లోనై, కూడబెట్టినదానిని పోగొట్టుకొనిరి. పిమ్మట హైదరాబాదు చేరి, చిన్న పాత్రలను, టెలివిజన్ ధారావాహికలలోని ముదుసలి వేషములను సైతము స్వీకరించిరి. దీనిని పతనమని జాలిపడువారు కలరు. మేమట్లు తలంపము. సింహాసనముపై గూర్చుండిన నాడును, రెండు మాటల తాత వేషమున నిలిచిన నాడును ఆయన చేసినది ఒక్క పనియే. తనకిచ్చిన చోటును నింపుట. జాలిపడవలసినది ఆయన పాత్రలను జూచి గాదు. నాలుగువందల చిత్రములలో నటించెనని చెప్పబడు కళాకారుని వార్ధక్యము నెమ్మదిగా గడచు నేర్పాటు చేయజాలని సమాజమును జూచి. 2000 సంవత్సరపు రఘుపతి వెంకయ్య పురస్కారము వీరికి లభించెను. 2009వ సంవత్సరము మార్చి 22వ తేదీన హైదరాబాదున తనువు చాలించిరి.

“ఆయన యెన్నడును అగ్రనాయకుడు గాలేదు గదా” యని మాతో వాదించినవారు కలరు. అక్కినేని నాగేశ్వరరావుగారును రామారావుగారును రెండు పర్వతములవలె నిలిచిన కాలమున వీరు మూడవవారుగా నుండిన మాట నిజము. కాని రాముడొక్కడే యున్న రామాయణము రామాయణము గాదు. ప్రధాననాయకుని కాంతి ప్రేక్షకునకు దెలియుటకు దానిని గ్రహించి ప్రతిఫలింపజేయువాడొకడు ప్రక్కన నిలువవలెను. తన జానపద చిత్రములలో పూర్ణచంద్రుడై వెలిగి, మఱునాడే యింకొకరి ప్రక్క ‘ఇంచుక తక్కువ’గా నిలుచుటకు అహంకారమును జయించిన మనస్సు కావలెను. దానిని లోకము రెండవస్థాన మనవచ్చును, మేము వినయమందుము.

ఈ సీమ నటులను దలంచునప్పుడు తుంగతుర్తిలో 1935లో జన్మించిన డాక్టరు మందాడి ప్రభాకరరెడ్డిగారిని మఱువరాదు. వైద్యవిద్య నభ్యసించి, 1960 నాటి ‘చివరకు మిగిలేది’తో తెరకు వచ్చి, ప్రతినాయకులుగా, తండ్రులుగా, అధికారులుగా బహుపాత్రలు ధరించిరి, కథలును వ్రాసిరి. తెరపై క్రూరునిగా పేరుపొందిన వీరు చిత్రకార్మికుల నివాసములకై తమ భూమి నిచ్చిరి. హైదరాబాదు మణికొండలోని చిత్రపురికి వీరి పేరు పెట్టబడినది. ఒకరు రాజులవేషములు వేసి యాస్తి పోగొట్టుకొనిరి. ఒకరు దుష్టులవేషములు వేసి పరులకు నీడ కల్పించిరి. వేషమును జూచి మనిషిని నిర్ణయింపరాదని మన జిల్లా నటులిరువురును మనకు బోధించుచున్నారు.

ఇక మహాసభవారికి మూడు మనవులు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములలో పెద్దల యిండ్లయందు నాటి పాటల పుస్తకములు, కరపత్రములు, ఛాయాచిత్రములు ఇంకను మిగిలియుండును. వానిని సేకరించి యొక గ్రంథాలయమున భద్రపఱుపవలెను. ఏటేట పాఠశాలల నాటకపోటీలలో ప్రధానపాత్రకే గాక, రెండవపాత్రను చక్కగా పోషించిన బాలునకో బాలికకో కాంతారావుగారి పేర బహుమానమీయవలెను. మన నిధిలో నొక భాగమును, కులభేద మెంచక, వార్ధక్యమున నున్న రంగస్థల కళాకారులకు కేటాయింపవలెను. నటునకు వర్ణము వేషముతో మాఱును. అతని యాకలి మాత్రము మాఱదు.

ఈ మూడింటిలో నొక్కటియైనను వచ్చు మహాసభ నాటికి కార్యరూపము దాల్చినచో ఈ వ్యాసము సఫలమైనదని తలంచెదము. స్వస్తి.