ఊక నుంచి వెలుగు: అరుదైన లోహాలు లేని ఎల్‌ఈడీ పదార్థాలు

ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లో రైస్ మిల్లుల వెనక గుట్టలుగా పడే ఊకలో సుమారు 15 నుంచి 20 శాతం సిలికా ఉంటుంది. ఆ సిలికాతో ఎల్‌ఈడీ తయారు చేయవచ్చని జపాన్‌లోని హిరోషిమా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2022లో చేసి చూపించారు.

ఇంతకీ అవసరం ఏమొచ్చింది? మన ఇళ్లలోని తెల్ల ఎల్‌ఈడీ బల్బులో నీలం వెలుగునిచ్చే చిప్ మీద పసుపు పూత ఉంటుంది. అందులో యిట్రియం, సీరియం అనే లోహాలు వాడతారు. ఓఎల్‌ఈడీ ఫోన్ తెరల్లో ఇరిడియం ఉంటుంది. ఇది ఎక్కువగా దక్షిణాఫ్రికా ప్లాటినం గనుల నుంచే వస్తుంది కాబట్టి, అక్కడ పని ఆగిందంటే ధర అన్నిచోట్లా పెరుగుతుంది.

సిలికాన్ చౌకే, కాకపోతే మామూలు ముక్కగా ఉంటే అది వెలుగివ్వదు. బాగా చిన్నదైతే ఇస్తుందని 1990లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త లీ క్యానమ్ చూపారు. హిరోషిమా బృందం ఊకను కాల్చి సిలికా తీసింది. దాన్ని మెగ్నీషియంతో వేడి చేసి సిలికాన్ పొడి చేసింది. ఆ పొడిని ఆమ్లంతో కరిగిస్తూ రేణువులను 3 నానోమీటర్లకు, అంటే వెంట్రుక మందంలో ఇరవై వేలో వంతుకు పైచిలుకు చిన్నవిగా, తగ్గించింది. వాటి వెలుగు నారింజ ఎరుపు, సామర్థ్యం 20 శాతానికి పైన. విషపూరితమైన కాడ్మియం అక్కర్లేదు.

అయితే ఇందులో వాడే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చాలా ప్రమాదకరం. మిల్లు షెడ్డులో చేసే పని కాదిది, మంచి ప్రయోగశాల ఉండాలి. తాడేపల్లిగూడెంలోనే 2015లో మొదలైన నిట్ ఉంది, ఊక కూడా పక్కనే. పైగా ఆ ఎల్‌ఈడీలో పారదర్శక పొరకు ఇండియం వాడారు. అంటే అరుదైన లోహం పూర్తిగా పోలేదన్నమాట. బల్బు రేటుకు రావాలంటే ఇంకా చాలా పని ఉంది.

ఇంకో దారి, లోహమే లేని సేంద్రియ అణువులు. జపాన్‌లోనే క్యూషూ విశ్వవిద్యాలయానికి చెందిన చిహాయా అడాచి బృందం 2012లో, ఇరిడియం లేకుండానే దాదాపు అంత సామర్థ్యం సాధించవచ్చని చూపించింది.

కొల్లేరును కప్పేసే గుర్రపుడెక్క కూడా ఈ లెక్కలోకి వస్తుంది. దాని ఆకుల నుంచి కార్బన్ చుక్కలు చేసిన ప్రయోగాలు ఉన్నాయి. అతినీలలోహిత కాంతి పడితే అవి నీళ్లలో మెరుస్తాయి. ఆరి గట్టిపడితే మాత్రం ఒకదానికొకటి అంటుకుని మెరుపు చాలా వరకు పోతుంది. బల్బు పూతకు కావాల్సింది పొడిగా ఉన్నా మెరిసే పదార్థం.