మూడు స్వరమేళములు, ఒక చిన్న రికార్డు

పాశ్చాత్యుల 'పంక్' సంగీతమనగానే చిరిగిన దుస్తులు, నిక్కబొడిచిన జుట్టు, చెవులు గింగురుమను రొద మనకు స్ఫురించును. మేమును చాలకాలము అట్లే తలచితిమి. కాని ఆ వాద్యకారులకు అది ఏమైయుండెనో తెలియవలెనన్న, 1977 జనవరిలో ఇంగ్లండులోని మాంచెస్టరునుండి వెలువడిన ఒక చిన్న రికార్డును చూడవలెను.

దాని పూర్వరంగము కొంత కలదు. 1970 తరువాత రాక్ సంగీతము మిక్కిలి బరువెక్కినది. దీర్ఘములైన పాటలు, బండ్లకొలది యంత్రసామగ్రి, విశాలమైన క్రీడారంగములు. వేదిక శ్రోతకు ఆమడ దూరమయ్యెను. 1974లో న్యూయార్కునందు ఏర్పడిన రమోన్స్ బృందము రెండేసి నిమిషముల పాటలను, కొద్దిపాటి స్వరమేళములతో, ఊపిరి సలుపని వేగమున పాడసాగెను. లండనున సెక్స్ పిస్టల్స్ బయలుదేరిరి.

1976 జూన్ 4న ఈ లండను బృందమును మాంచెస్టరునకు రప్పించినవారు హొవర్డ్ డెవోటో, పీట్ షెల్లీ అను యువకులు. శ్రోతలు నూరుమందికి లోపే. అందు పలువురు పిమ్మట తామే బృందములు కట్టిరి. డెవోటో, షెల్లీలు జులైలో అదే హాలునందు 'బజ్‌కాక్స్' అను పేర పాడిరి. వారి డోలు వాద్యకారునకు అప్పుడు పదునారేండ్లు!

లండను కంపెనీల పిలుపుకై వారు వేచియుండలేదు. ఆప్తులవద్ద 500 పౌనులు అప్పుచేసి, డిసెంబరు 28న నాలుగు పాటలు ధ్వనిముద్రణ చేయించి, 'స్పైరల్ స్క్రాచ్' అను పేర తొలుత వేయి ప్రతులు తామే వెలువరించిరి. అట్టపై ప్రతి పాటకును ఎన్నవమారు పాడినది నిలుపుకొనిరో, తరువాత ఏమైన చేర్చిరో లేదో వ్రాసిరి. వడ్డించుచునే వంటవాడు దినుసుల లెక్క చెప్పినట్లున్నది గదా! విద్య దాచుకొనుటకు కాదు, మీరును చేయవచ్చునని చూపుటకే ఆ లెక్క. ఆ రోజులలోనే 'సైడ్‌బర్న్స్' అను చిన్న పత్రిక మూడు స్వరమేళములను గిటారుపై పట్టు విధము బొమ్మగీసి, ఇక బృందము కట్టుడని పాఠకులను పిలిచెను.

అభ్యాసము లేకుండుటయే గొప్ప అనువారితో మేము ఏకీభవింపము. ఏండ్లతరబడి గురువుకడ సాధనచేసిన విద్వాంసుల కచేరీలు వినుచు పెరిగిన చెవులు మనవి. అయినను ఆ పదునారేండ్ల బాలుని లయ విన్నచో తడబాటు కానరాదు. వారు కాదన్నది సాధనను కాదు, అనుమతిని.

ఆ రికార్డు తుదకు 16,000 ప్రతులవరకు చెల్లెను. అది వెలువడిన కొలది దినములకే డెవోటో బృందమును విడిచెను. తక్కినవారు ఆ యేడే ఒక పెద్ద కంపెనీతో ఒప్పందము చేసికొనిరి. ఈ వైరుద్ధ్యమును వారి అభిమానులు కొందరు క్షమింపలేదు.

రేడియో కథ మరియొకటి. 1977లో రాణి రజతోత్సవవేళ సెక్స్ పిస్టల్స్ పాటను బి.బి.సి. నిషేధించెను. అదే బి.బి.సి.లో జాన్ పీల్ రాత్రివేళ పంక్ రికార్డులు వినిపించుచుండెను. 1978 సెప్టెంబరులో, ఉత్తర ఐర్లండునందలి డెర్రీ పట్టణపు అండర్‌టోన్స్ యువకులు బెల్‌ఫాస్టులోని ఒక చిన్న సంస్థద్వారా వెలువరించిన పాట ఆయన చేతికందెను. దానిని వినిపించి, అది ముగియగానే మరల మొదటినుండి వినిపించెను.