బైకుపై జీపీఎస్‌... మాట వినాలి, తెర చూడరాదు

మారేడుమిల్లి కనుమదారిలో చింతూరు వైపు వెళ్లే ద్విచక్ర వాహనదారులకు కొంత దూరం పోయాక సెల్‌ఫోన్‌ సిగ్నల్‌ అందదు. తెరపై పటం సగంలో నిలిచిపోతుంది. జీపీఎస్‌ పోయిందని చాలామంది ఆందోళన చెందుతారు. నిజానికి పోయింది జీపీఎస్‌ కాదు, అంతర్జాలం. ఈ తేడా తెలిస్తే దారిచూపే పరికరాన్ని ఎంచుకోవడంలోనూ, వాడుకోవడంలోనూ సగం చిక్కులు తొలగిపోతాయి.

ఉపగ్రహం వేరు.. పటం వేరు

భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్‌ ఉపగ్రహాలు నిరంతరం సంకేతాలు పంపుతుంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే చాలు, పరికరం తానున్న చోటును లెక్కగట్టుకుంటుంది. ఇందుకు సెల్‌ టవరుతో పనిలేదు. రుసుము కూడా లేదు. మన దేశ సొంత వ్యవస్థ ‘నావిక్‌’ తొలి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచే నింగికెగిసింది.

అయితే ఫోను పటాన్ని, దారి లెక్కను మాత్రం అంతర్జాలం నుంచి తెచ్చుకుంటుంది. అందుకే మన్యం, నల్లమల వంటి ప్రాంతాలకు బయలుదేరే ముందే ఇంటి వద్ద ఆఫ్‌లైన్‌ పటాన్ని ఫోనులోకి దించుకోవాలి. గమ్యం ఒక్కటే కాకుండా చుట్టుపక్కల మండలాలూ అందులో ఉండేలా చూసుకోవాలి. దారి తప్పినప్పుడు అక్కరకు వచ్చేది అదే. ఆఫ్‌లైన్‌లో రద్దీ వివరాలు, ప్రత్యామ్నాయ మార్గాలు కనిపించవన్నది గుర్తుంచుకోవాలి.

ఫోనా.. ప్రత్యేక పరికరమా

నిత్యం పట్టణంలో తిరిగేవారికి ఫోను సరిపోతుంది. గూగుల్‌ మ్యాప్స్‌ ద్విచక్ర వాహనాలకు ప్రత్యేక మార్గ సూచనలను 2017 డిసెంబరులో తొలిసారి మన దేశంలోనే ప్రవేశపెట్టింది. గార్మిన్‌ ‘జూమో’ వంటి పరికరాలు మోటారు సైకిళ్ల కోసమే తయారైనవి. ఎండలోనూ కనిపించే తెర, చేతి తొడుగులతో తాకినా పనిచేసే తీరు, వానను తట్టుకునే గుణం వీటి ప్రత్యేకతలు. ధర మాత్రం ఎక్కువే. ఏటా ఒకటి రెండు దూర ప్రయాణాలు చేసేవారు అంత ఖర్చు పెట్టాల్సిన అవసరం కనిపించదు.

అలాగని ఖరీదైన ఫోనును హ్యాండిల్‌కు బిగించడమూ మంచిది కాదు. శక్తిమంతమైన ఇంజిన్ల ప్రకంపనలు ఫోను కెమెరాలోని కుదుపు నియంత్రణ వ్యవస్థను దెబ్బతీయవచ్చని యాపిల్‌ సంస్థ 2021 సెప్టెంబరులో హెచ్చరించింది. ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఫోనులో ఆఫ్‌లైన్‌ పటం దించుకుని వాడుకోవడం మేలైన మార్గం. దానికి సిమ్‌ కూడా అక్కర్లేదు. అసలు ఫోను జేబులో, ఛార్జింగ్‌ తరగకుండా ఆపదలో మాట్లాడేందుకు సిద్ధంగా ఉంటుంది.

ఏది కొన్నా ఐపీఎక్స్‌7 గుర్తు ఉందో లేదో చూడాలి. మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉన్నా పాడుకాదని దీని అర్థం. వేసవిలో మరో బెడద ఉంది. ఐఫోన్లు 35 డిగ్రీల వరకు ఉన్న వాతావరణంలో వాడేందుకు ఉద్దేశించినవని తయారీదారే చెబుతున్నారు. రెంటచింతల ఎండలో ఏ ఫోనైనా వేడెక్కి, వెలుగు తగ్గి, మొరాయిస్తే ఆశ్చర్యం లేదు.

బిగింపులో జాగ్రత్త

హోల్డర్‌ను స్పీడోమీటరుకు దగ్గరగా, దానిని కప్పకుండా అమర్చాలి. హ్యాండిల్‌ను పూర్తిగా ఇరువైపులా తిప్పి తీగలు బిగుసుకోకుండా చూడాలి. ఛార్జర్‌ తీగకు ఫ్యూజు తప్పనిసరి. తాళం తీయగానే విద్యుత్తు ఆగేలా కలపకపోతే బ్యాటరీ దిగిపోయి ఉదయాన్నే కిక్‌ కొట్టుకోవాల్సి వస్తుంది. కొత్త బండ్లలో చాలావాటికి ఆ కిక్కూ లేదు!

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ రెండు సెకన్లు తెర వైపు చూస్తే బండి 33 మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది. ఆ లోపు గుంత రావచ్చు, గేదె అడ్డురావచ్చు. అందుకే బయలుదేరే ముందే గమ్యం నమోదు చేసి, తెలుగులో మాట వినిపించే ఏర్పాటు చేసుకోవాలి. వెనుక లారీ హారన్‌ వినిపించనంతగా శబ్దం పెంచరాదు. చేతి ఫోనును దారి తెలుసుకునేందుకు మాత్రమే, అదీ ఏకాగ్రత చెదరకుండా వాడుకోవచ్చని 2020 అక్టోబరు నుంచి మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి.

యంత్రానికి తెలియనివి

దోర్నాల, మన్ననూరు వద్ద అటవీ గేట్లను రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు మూసేస్తారు. అర్ధరాత్రికి శ్రీశైలం చేరతారని తెర చూపినా గేటు దాటనివ్వరు. వానాకాలం వాగు పొంగిందీ లేనిదీ యంత్రం ఎరుగదు. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ జిల్లాలో కారు ఒకటి అసంపూర్తి వంతెనపై నుంచి రామగంగ నదిలో పడి ముగ్గురు మరణించారు. వారు యాప్‌ చూపిన దారిన వెళ్లినట్లు అప్పట్లో వార్తలు వచ్చాయి. అతి దగ్గరి దారి అంటూ మట్టిబాటకు మళ్లిస్తే ఆగి, టీకొట్టు వద్ద ఒక మాట అడగడంలో నామోషీ లేదు.

ప్రమాదం జరిగితే ‘ఘాట్‌లో ఉన్నాం’ అంటే 108 సిబ్బందికి చోటు తెలియదు. పటంలోని నీలి చుక్కను తాకితే అక్షాంశ, రేఖాంశాలు తెలుసుకోవచ్చు. ఆ అంకెలను, చివరగా దాటిన కిలోమీటరు రాయిని కాగితంపై రాసుకుని, సిగ్నల్‌ అందే చోటుకు వెళ్లే వారి చేతికివ్వాలి. 112కు ఫోన్‌ చేసినా ఇవే చెప్పాలి.