వీరగల్లు నుంచి వాఙ్మూలం దాకా

హైదరాబాదు నుంచి ఉప్పల్ మీదుగా సాగే వరంగల్ రహదారి భువనగిరి దాటాక 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాటం రగిలిన పల్లెలను చేరుతుంది. ఆ పోరాట స్మృతిని ఎవరు నిలిపారని పరిశీలిస్తే, స్త్రీలు సమష్టిగా కూర్చిన స్మారకం రాతిలో గాక మాటలో దొరుకుతుంది.

తెలుగునేలపై పోరులో పడినవారికి నిలిపిన పాత గుర్తు వీరగల్లు, అంటే వీరుడి పేర నాటిన చెక్కడపు రాయి. సాధారణంగా అందులో కింద పోరు, నడుమ వీరుణ్ని స్వర్గానికి తీసుకుపోయే అప్సరసలు, పైన శివలింగ పూజ ఉంటాయి. సహగమనం చేసిన స్త్రీకి వేసిన సతికల్లు మీద మాత్రం తరచు గాజులు తొడిగి పైకెత్తిన చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది; మనిషంతటికీ ఆ చెయ్యే ఆనవాలు.

ఇరవయ్యో శతాబ్దంలో రాయి స్థానంలోకి స్తూపం వచ్చింది. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్, అనగా నిజాం కాలపు భూస్వామి, మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక మొదలైన అమరుల వరుసకు స్తూపాలు లేచాయి. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమ మృతుల కోసం శిల్పి ఎక్కా యాదగిరిరావు రూపొందించిన హైదరాబాదు గన్‌పార్కు స్తూపం 1975లో పూర్తయింది. స్తూపం మరణించినవారిది. 1951 అక్టోబరులో పోరాటం విరమించాక బతికి, తిరిగి పొయ్యి దగ్గరికి చేరిన స్త్రీలకు అందులో చోటు లేదు.

స్త్రీలు కలిసి స్త్రీలకే స్మారకం నిలపడం వేరేచోటా జరిగింది. ఇంగ్లండులో యార్క్ ప్రధాన చర్చిలోని ‘ఫైవ్ సిస్టర్స్’ అద్దాల కిటికీని, మొదటి ప్రపంచయుద్ధంలో మరణించిన స్త్రీల స్మారకంగా బాగుచేయించేందుకు 32,000 మంది స్త్రీలు చందాలిచ్చారు. అది 1925లో అంకితమైంది. హైదరాబాదులో 1978లో ఏర్పడిన స్త్రీవాద బృందం స్త్రీ శక్తి సంఘటన కూడగట్టింది చందాను గాక జ్ఞాపకాన్ని. కె. లలిత, వసంత కన్నబిరాన్, రమా మేల్కోటే, సూసీ తారు తదితరులు పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతికి, వారి మాటలను రికార్డు చేసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా వెలువరించారు. నోటిమాటను ఆధారంగా తీసుకునే ఈ పద్ధతినే మౌఖిక చరిత్ర అంటారు. తుపాకి పట్టిన మల్లు స్వరాజ్యంతో పాటు, దళంలో, అంటే అడవి పట్టిన సాయుధ బృందంలో, ఉండగా పసిబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ కూడా అందులో మాట్లాడుతుంది. ఆ రెండో గొంతును పట్టుకోవడమే ఈ పుస్తకపు అసలు సాధన. ఏ శిల్పి ఉలికీ అది అందేది కాదు.

అదే పుస్తకంలో తన కథ చెప్పిన, విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన చాకలి ఐలమ్మ, పుస్తకం అచ్చు కావడానికి ముందే, 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు 2024లో వచ్చింది.