ఆర్కిటెక్చర్ చదువు వెల: ఒక చారిత్రక పరిశీలన

భారతదేశంలో ఆర్కిటెక్టుగా స్థిరపడాలంటే నేడు ఇంటర్మీడియట్ తరువాత ఐదేళ్ల బి.ఆర్క్. డిగ్రీ పూర్తిచేయడం తప్పనిసరి కాగా, ఆ ఐదేళ్ల భారం చాలావరకు విద్యార్థి కుటుంబం మీదనే పడుతోంది. ఈ ఏర్పాటు అనాదిగా వస్తున్నదేమీ కాదు. ఇది స్వాతంత్ర్యానంతర కాలంలో రూపుదిద్దుకున్నది. అంతకుముందు భవన రూపకల్పనను వృత్తిగా ఎంచుకున్నవారు ఎక్కువగా పని చేస్తూ నేర్చుకున్నవారే. వారికి చదువు కాలమూ సంపాదన కాలమూ వేరువేరు కావు. ఆ రెండూ ఎలా విడిపోయాయో పరిశీలిస్తే ఈ చదువు ఖరీదుకు మూలం కళాశాల రుసుములో కన్నా అది కోరే కాలంలోనే ఉన్నదని తేటపడుతుంది.

దేవాలయ నిర్మాణ సంప్రదాయంలో నిర్మాణం మొత్తానికి బాధ్యత వహించే ప్రధాన శిల్పిని స్థపతి అనేవారు. ఆయన వద్ద చేరిన కుర్రవాడు రాయి చెక్కడం, కొలతలు కట్టడం, తాళమానాన్ని, అంటే విగ్రహంలోని అవయవాల మధ్య పాటించవలసిన నిష్పత్తులను వంటపట్టించుకోవడం పనిలోనే నేర్చుకునేవాడు. ఈ పద్ధతిలో రుసుము అన్న మాట లేదు గాని, ప్రవేశం మాత్రం అందరికీ లేదు. విద్య వంశంలోనూ కులంలోనూ తిరుగుతుండేది. 1957లో మామల్లపురంలోనూ, 1960లో తిరుమల తిరుపతి దేవస్థానం ఆధ్వర్యంలో తిరుపతిలోనూ వెలసిన శిల్ప విద్యాసంస్థలు ఈ వంశపారంపర్య విద్యకు తరగతి గది రూపం కల్పించాయి.

బ్రిటన్‌లో నడిచిన పద్ధతి వేరు. పంతొమ్మిదవ శతాబ్దంలో అక్కడి యువకుడు పేరున్న ఆర్కిటెక్టుకు ‘ప్రీమియం’ అనే పెద్ద మొత్తం చెల్లించి, ఒప్పంద పత్రం రాసుకుని, కొన్నేళ్లపాటు ఆయన కార్యాలయంలో శిష్యుడిగా ఉండేవాడు. నేర్పేవారు నేర్పితే సరి, లేకుంటే ప్లానులకు నకళ్లు గీయడంతోనే ఆ కాలమంతా గడిచిపోయేది. ఈ అసంతృప్తితోనే కార్యాలయాల్లో పనిచేస్తున్న యువకులు 1847లో లండన్‌లో ఆర్కిటెక్చరల్ అసోసియేషన్‌ను స్థాపించుకుని, తమలో తాము పాఠాలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. 1834లో ఏర్పడిన బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంస్థ, అంటే నేటి రిబా, 1882 నుంచి సభ్యత్వానికి పరీక్షను తప్పనిసరి చేసింది. వృత్తిలోకి ప్రవేశం గురువు మాట మీద కాక పరీక్షా ఫలితం మీద ఆధారపడే రోజులకు అదే నాంది.

వలస భారతంలో ప్రభుత్వ కట్టడాలు ప్రజాపనుల శాఖ ఇంజనీర్ల చేతుల్లో ఉండేవి. ఆ శాఖకు కావలసింది సొంతంగా రూపకల్పన చేయగల భారతీయులు కారు, ఇచ్చిన చిత్తు నమూనాను కొలతల ప్రకారం శుభ్రంగా గీసిపెట్టే డ్రాఫ్ట్స్‌మన్‌లు. 1857లో ప్రారంభమైన బొంబాయి సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో 1896లో నెలకొల్పిన తరగతి కూడా డ్రాఫ్ట్స్‌మన్‌ల కోసమే. అది క్రమంగా విస్తరించి, 1913 నాటికి నాలుగేళ్ల ఆర్కిటెక్చర్ పాఠ్యక్రమంగా మారింది. అక్కడ చదివిన విద్యార్థులు 1917లో పెట్టుకున్న సంఘమే పెరిగి పెద్దదై, 1929లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్‌గా పేరు మార్చుకుంది. 1936లో పెరిన్ మిస్త్రీ జె.జె. స్కూల్ నుంచి డిప్లొమా పొంది, దేశంలో ఈ విద్య పూర్తిచేసిన తొలి మహిళల్లో ఒకరిగా నిలిచారు.

అదే కాలంలో హైదరాబాదు సంస్థానం తన గొప్ప కట్టడాలకు బయటివారి మీద ఆధారపడవలసి వచ్చింది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ, కాచిగూడ స్టేషను విన్సెంట్ ఎష్ అనే ఆంగ్లేయుడి రూపకల్పనలు కాగా, ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల బెల్జియం దేశస్థుడైన ఎర్నెస్ట్ జాస్పర్ పేరుతో ముడిపడి ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ నిర్మాణానికి ముందు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని నిజాం ప్రభుత్వమే తన ఖర్చుతో విదేశీ విశ్వవిద్యాలయాలను చూసి రమ్మని పంపింది. భవన రూపకల్పనలో నైపుణ్యం కావలసినప్పుడు దాని ఖర్చును రాజ్యం భరించడం ఆనాడు విడ్డూరం కాదు. స్వాతంత్ర్యానికి అటూ ఇటూ వెలుగులోకి వచ్చిన తరం కూడా ఇలాంటి అండతోనే ఎదిగింది. జె.జె.లో చదివిన అచ్యుత్ కన్విందేను భారత ప్రభుత్వం హార్వర్డుకు పంపగా, శిబ్‌పూర్ బెంగాల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివిన హబీబ్ రహమాన్ ప్రభుత్వ ఉపకార వేతనంతో అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి వచ్చారు. అటువంటి అండ లేని బాలకృష్ణ దోషి జె.జె. చదువును మధ్యలో విడిచి లండన్ వెళ్లి, అక్కడి నుంచి పారిస్ చేరి, ఆర్కిటెక్టు లె కార్బూజియే కార్యాలయంలో మొదటి ఎనిమిది నెలలు జీతం లేకుండా పనిచేశారు. 1962లో అహ్మదాబాదులో స్కూల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌ను నెలకొల్పినదీ, 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి పొందిన తొలి భారతీయుడిగా నిలిచినదీ ఆయనే.

స్వాతంత్ర్యం తరువాత ఈ విద్య డిప్లొమా దశ దాటి డిగ్రీ స్థాయికి చేరుకుంది. 1949లో శిబ్‌పూర్ బెంగాల్ ఇంజనీరింగ్ కళాశాల, 1952లో ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి., 1955లో రూర్కీ విశ్వవిద్యాలయం ఆర్కిటెక్చర్ విభాగాలను తెరిచాయి. ఢిల్లీ పాలిటెక్నిక్‌లోని ఆర్కిటెక్చర్ విభాగమూ, 1955లో ఏర్పడిన పట్టణ ప్రణాళికా విద్యాలయమూ కలిసి 1959లో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ అయింది. హైదరాబాదులోని ప్రభుత్వ లలిత కళలు, ఆర్కిటెక్చర్ కళాశాల 1972 అక్టోబరు 2న ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగమై, తెలుగు విద్యార్థులకు సొంత రాష్ట్రంలోనే ప్రభుత్వ రుసుముతో ఈ డిగ్రీ చదివే వీలు కల్పించింది.

అదే 1972లో పార్లమెంటు చేసిన ఆర్కిటెక్టుల చట్టం ఈ చరిత్రలో అసలైన మలుపు. ఆ చట్టం కింద ఏర్పడిన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ వద్ద నమోదైనవారు తప్ప మరెవరూ ఆర్కిటెక్టు అనే హోదా పెట్టుకోరాదు. పెట్టుకుంటే మొదటి నేరానికి 500 రూపాయల వరకు జరిమానా. డిగ్రీ లేకపోయినా అప్పటికే కనీసం ఐదేళ్లుగా వృత్తిలో ఉన్నవారిని నమోదు చేసుకోవడానికి చట్టం వీలు కల్పించింది గాని, ఆ వీలు పాత తరానికి మాత్రమే. ఆ తరువాత గుర్తింపు పొందిన కళాశాల గుండా తప్ప ఆ హోదాకు వేరే దారి లేకుండా పోయింది. పేరుకు రక్షణ ఉన్నంత మాత్రాన రూపకల్పన పని మీద గుత్తాధిపత్యం లేదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసినప్పటికీ, ఆ పేరు కోసం కళాశాల గడప తొక్కవలసిన అవసరం మాత్రం తగ్గలేదు.

ఆ కళాశాల ఎలా ఉండాలో కౌన్సిల్ 1983లో నిబంధనలు చేసింది. వాటి ప్రకారం చదువు ఐదేళ్లు, తరగతిలో 40 మందికి మించకూడదు, ఎనిమిది మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండవలసి ఉండేది. ఈ లెక్క వెనుక స్టూడియో పద్ధతి ఉంది. స్టూడియో అంటే ప్రతి విద్యార్థీ తన బల్ల దగ్గర ఒక కట్టడానికి రూపకల్పన చేస్తూ ఉండగా, అధ్యాపకుడు ఒక్కొక్కరి వద్దకు వచ్చి గీతగీతనూ సరిదిద్దే తరగతి. వందమందికి ఒకేసారి ఉపన్యాసం చెప్పినట్లు దీన్ని నడపడం కుదరదు కనుక, తలకు అయ్యే ఖర్చు సహజంగానే ఎక్కువ. ఒకప్పుడు చదువంతా తానే అయిన కార్యాలయపు పని, ఈ నిబంధనల్లో ఆరు నెలల ప్రాక్టికల్ ట్రైనింగ్‌గా కుదించుకుపోయింది.

రుసుము కాక సామగ్రి ఖర్చు మరొకటి. కంప్యూటర్లు రాకముందు విద్యార్థికి డ్రాయింగ్ బోర్డు, టి-స్క్వేరు, సెట్ స్క్వేర్లు, వేర్వేరు మందాల గీతలకు వేర్వేరు రోట్రింగ్ పెన్నులు ఉండి తీరాలి. ట్రేసింగ్ కాగితం మీద ఇంకుతో గీసిన గీత తప్పితే బ్లేడుతో మెల్లగా గీకి తీసి, ఆ చోటును మళ్లీ నున్నగా రుద్ది గీయాలి. చెయ్యి జారి కాగితం చిరిగితే రాత్రంతా పడిన శ్రమ వృథా అయ్యేది. పూర్తయిన షీటుకు అమ్మోనియా ప్రింట్లు తీయించడం, థర్మోకోల్‌తో, మౌంట్ బోర్డుతో నమూనాలు కట్టడం, పాత కట్టడాలు చూడడానికి ఊళ్లు తిరగడం ఏటేటా తప్పని ఖర్చులు. తరువాతి కాలంలో ల్యాప్‌టాప్, సాఫ్ట్‌వేర్, రంగుల ప్లాటింగ్ వచ్చి చేరాయే గాని, జాబితా చిన్నది కాలేదు.

ప్రైవేటు కళాశాలలు పెరిగిన కొద్దీ రుసుము ప్రశ్న న్యాయస్థానాల మెట్లెక్కింది. డొనేషన్ల పేరిట జరిగే వసూళ్లను అరికట్టడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1983లోనే క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం చేసింది. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 1993లో సుప్రీంకోర్టు వృత్తి విద్యలోని సీట్లను ప్రభుత్వ రుసుముతో కూడిన ఫ్రీ సీట్లు, ఎక్కువ రుసుముతో కూడిన పేమెంట్ సీట్లు అని చెరిసగం విభజించింది. 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో ఆ పథకాన్ని రద్దు చేయగా, 2003 నాటి మరొక తీర్పుతో రాష్ట్రాల్లో విశ్రాంత న్యాయమూర్తుల అధ్యక్షతన రుసుమును నిర్ణయించే సంఘాలు ఏర్పడ్డాయి. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం పేద కుటుంబాలకు ట్యూషన్ ఫీజు బరువును తగ్గించింది. 2001 నాటి బ్యాంకుల విద్యారుణ నమూనా పథకం మధ్యతరగతికి అప్పు దారి చూపింది. అయితే వీటిలో ఏదీ సంపాదన లేని ఐదేళ్లను పూడ్చలేదు.

ఎంపిక సమస్య కూడా ఈ విస్తరణతోనే పుట్టింది. పది కళాశాలలున్న రోజుల్లో సీటు వస్తే చాలు. గుర్తింపు పొందిన సంస్థల సంఖ్య నాలుగు వందలు దాటిన తరువాత సీటు దొరకడం తేలికై, మంచిచెడ్డలు తేల్చుకోవడం కష్టమైంది. 2006లో కౌన్సిల్ ప్రవేశపెట్టిన నాటా పరీక్ష, జాతీయ సంస్థలకు వేరే ప్రవేశ పరీక్ష వడపోతకు పనికివచ్చాయి. 2008లో విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, అదే ఏడాది శాసనంతో హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, లలిత కళల విశ్వవిద్యాలయం ఏర్పడి, తెలుగువారికి ప్రభుత్వ రంగంలోని అవకాశాలను పెంచాయి.

శిష్యరికపు రోజుల్లో బీదవాడికి అడ్డుగోడ పుట్టుకైతే, డిగ్రీ యుగంలో ఆ గోడ ఐదేళ్ల కాలం. పుట్టుక అడ్డును తొలగించిన కీర్తి కళాశాలలదే. కాలపు అడ్డును తొలగించే పని ఇంకా మిగిలే ఉంది. అందుచేత కళాశాలను ఎంచుకునే కుటుంబాలు మొదటి ఏటి రుసుమును కాక, హాస్టలు, సామగ్రి, ప్రయాణాలతో కలిపి ఐదేళ్ల మొత్తాన్ని ముందే లెక్కవేసుకోవాలి. కౌన్సిల్ గుర్తింపు ఆ ఏటికి అమలులో ఉన్నదో లేదో, స్టూడియోలో ఎంతమందికి ఒక అధ్యాపకుడున్నాడో స్వయంగా విచారించి తెలుసుకోవాలి. ప్రభుత్వాలు ట్యూషన్ ఫీజుతో చేతులు దులుపుకోక, ప్రాక్టికల్ ట్రైనింగ్ కాలానికి తగిన భృతిని తప్పనిసరి చేస్తే, పని చేస్తూ నేర్చుకునే పాత సంప్రదాయంలోని మేలు కొంతైనా ఈ తరానికి అందుతుంది.