రెండోసారి కొట్టిన దెబ్బ

రెండో భాగం అంటే మనవాళ్ళకు ఎందుకో మొదటినుంచీ అనుమానమే. మొదటిది బాగుంటే, దాన్ని సొమ్ము చేసుకోవడానికే రెండోది తెచ్చారంటారు. మొదటిది బాగుండకపోతే ఇక రెండోదాని ఊసే ఉండదు. నవలలు రాసేవాళ్ళకు ఈ బాధ మరీ ఎక్కువ. సీరియల్ అయిపోయిన మర్నాటినుంచీ "ఆ పిల్లకు పెళ్ళయిందా లేదా? రెండో భాగం ఎప్పుడు?" అని అడుగుతారు. తీరా కష్టపడి రాస్తే "మొదటిదాంట్లో ఉన్న అందం దీంట్లో లేదండీ" అని వాళ్ళే పెదవి విరుస్తారు.

అలాంటిది, మొదటిది అంతంతమాత్రంగా ఉండి, రెండోది వచ్చి లోకాన్ని ఊపేసిన సందర్భం ఒకటుంది. అది నవలా కాదు, సినిమా కూడా కాదు. రూపాయి బిళ్ళ వేసి ఆడుకునే వీడియో గేమ్. పేరు స్ట్రీట్ ఫైటర్-2. అప్పుడే పేజీ తిప్పేయకండి. తన్నులాటల గురించి ఈవిడకేం తెలుసు అనుకుంటున్నారేమో, కాస్త ఆగండి. 1991లో జపానులోని ఒసాకా నగరంలో పుట్టిన ఈ ఆట, నాలుగేళ్ళు తిరక్కుండా మా మెదక్‌కు వచ్చేసింది. మా ఊరికి రైలు రావడానికి 2022 సెప్టెంబరు దాకా పట్టిందని గుర్తుచేస్తే, అదెంత చురుగ్గా ప్రయాణం చేసిందో మీకే తెలుస్తుంది.

ముందు మొదటి భాగం సంగతి చెప్పాలి. కాప్‌కామ్ అనే కంపెనీ 1987లో స్ట్రీట్ ఫైటర్ పేరుతో ఒక ఆట తెచ్చింది. తకాషి నిషియామా, హిరోషి మత్సుమోతో అనే ఇద్దరు దానికి కర్తలు. ర్యూ అనే జపాను కుర్రాడు దేశాలు పట్టుకు తిరిగి పదిమందితో తలపడతాడు. ఆలోచన బాగానే ఉంది. చిక్కంతా ఆడడంలోనే వచ్చింది. పెద్ద రకం మిషన్లకు బటన్ల బదులు రెండు రబ్బరు దిమ్మలు పెట్టారు, ఒకటి గుద్దుకు, ఒకటి తన్నుకు. మీరెంత గట్టిగా బాదితే తెరమీద ర్యూ అంత గట్టిగా కొడతాడు. చాకిరేవులో బట్టలు బాదినట్టు బాదాలన్నమాట. ఆడేవాళ్ళకు చేతులు నొప్పి, కొన్నవాళ్ళకు రిపేర్ల ఖర్చు. అందుకని దిమ్మలు లేని మిషన్లు కూడా వచ్చాయి. వాటికి ఆరు బటన్లు. గుద్దుకు మూడు, తన్నుకు మూడు. మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా. రెండో భాగానికి మొదటిది ఇచ్చిపోయిన స్త్రీధనం ఏదన్నా ఉంటే ఈ ఆరు బటన్లే.

ఇంకో చిక్కు ఉంది. ర్యూ రెండు చేతులూ ముందుకు చాపి ఒక వెలుగు ముద్దను వదలగలడు. హ్యాండిల్‌ను కిందికి లాగి, అక్కణ్ణించి పావు చక్రంలా ముందుకు తిప్పి, గుద్దు బటన్ నొక్కాలి. కానీ ఆ సంగతి మిషన్ మీద ఎక్కడా రాసి ఉండదు. ఎవరో చెప్పగా తెలిసినా, నాలుగైదుసార్లు తిప్పితే ఒకసారి పడుతుందో పడదో. పడిందా, అలాంటివి రెండు మూడు తగిలితే ఎదుటివాడు చాప చుట్టేసినట్టే! అంటే అది విద్య కాదు, లాటరీ టికెట్టు. పోనీ స్నేహితులిద్దరు కలిసి ఆడుకుందామంటే, మొదటివాడు ర్యూ, రెండోవాడు కెన్. జుట్టు రంగులో, బట్టల రంగులో తేడా తప్ప ఇద్దరి ఎత్తులూ ఒకటే. కవలపిల్లల కొట్లాట ఎంతసేపని చూస్తాం?

ఆ కర్తలిద్దరూ తర్వాత ఎస్.ఎన్.కె. అనే పోటీ కంపెనీకి వెళ్ళిపోయారు. నన్నయ్య గారు విడిచిపెట్టిన పనిని తిక్కన గారు అందుకోలేదూ? (పెద్దలు క్షమించాలి, పోలిక అంతవరకే.) ఇక్కడ అందుకున్నవాళ్ళు అకిరా నిషితాని, అకిరా యాసుదా, వాళ్ళ వెనక పెద్దగా యోషికి ఒకామోతో. వీళ్ళు కూడా వెంటనే రెండో భాగం జోలికి పోలేదు. 1989లో స్ట్రీట్ ఫైటర్ పేరు పెట్టి ఒక ఆటను నలుగురికీ చూపించారు. తీరా చూస్తే అది ఒకడు వీధివెంట నడుస్తూ రౌడీమూకను చితక్కొట్టే ఆట. దాన్ని ఫైనల్ ఫైట్ అని పేరు మార్చి విడుదల చేశారు. బాగా ఆడింది కూడా. మన అదృష్టం కొద్దీ అక్కడితో ఊరుకోలేదు.

1991లో వచ్చిన రెండో భాగంలో బొమ్మలు పెద్దవయ్యాయి, రంగులు పెరిగాయి. అదంతా కంటికి కనిపించే మార్పు. అసలు మార్పు వేళ్ళకు తెలిసేది. హ్యాండిల్ కాస్త అటూఇటూ అయినా మిషన్ సర్దుకుని, నువ్వేం చేయబోయావో అర్థం చేసుకుంటుంది. మొదటి భాగం తాళం వేసి దాచుకున్న విద్యను రెండోది వాకిట్లో పెట్టి పంచింది. కొత్తగా వచ్చినవాడైనా కాసేపు తంటాలు పడితే వెలుగు ముద్ద వదలగలడు. అయితే దాన్ని ఎప్పుడు వదలాలి, ఎప్పుడు వదలకూడదు అన్నది నేర్చుకోవడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది. వంట కూడా అంతే కదా. పొయ్యి వెలిగించడం అందరికీ వచ్చు.

ఈ ఔదార్యంలోంచే అనుకోని సంగతి ఒకటి పుట్టింది. ఒక దెబ్బ పూర్తిగా ముగియకముందే ఇంకో దెబ్బ అందుకుంటోందనీ, మధ్యలో ఎదుటివాడికి అడ్డుకునే సందు దొరకడం లేదనీ తయారుచేసేవాళ్ళు గమనించారు. అది కావాలని పెట్టింది కాదు. ఇంత కష్టమైనది ఎవరు చేస్తారులే అని అలాగే ఉండనిచ్చారు. పిల్లలు ఊరుకుంటారా? పట్టేశారు. ఈరోజు కొట్లాట గేముల్లో కాంబో అని చెప్పుకునేదంతా ఆ పొరపాటు సంతానమే.

ఇక మనుషులు. ఒక్క ర్యూకు బదులు ఎనిమిదిమంది, ఎవరిని కావాలంటే వాళ్ళను ఎంచుకోవచ్చు. ఒకరి నడక ఒకరికి రాదు. సుమో మల్లుడు హోండా అరచేతులతో చెడామడా వాయిస్తాడు. రష్యా పహిల్వాను జంగీఫ్ దగ్గరికి రావడమే ఆలస్యం, వచ్చాడంటే ఎత్తి కుదేస్తాడు. అందుకు హ్యాండిల్‌ను పూర్తి చక్రం తిప్పాలి. అమెరికా సిపాయి గైల్ కాసేపు వెనక్కి నొక్కిపట్టుకుని కూర్చుంటాడు, తర్వాత ఒక్కసారి ముందుకు విసురుతాడు. ఓపిక ఉన్నవాడికి గైల్, దూకుడున్నవాడికి కెన్. చేతిలో ఉన్న మనిషిని బట్టి ఆడేవాడి స్వభావం బయటపడిపోతుంది. నవల రాసేవాళ్ళం పాత్రపోషణ, పాత్రపోషణ అని తెగ బాధపడిపోతాం. వీళ్ళు ఆరు బటన్లతో చేసి చూపించారు.

పైగా ఒకడు ఆడుతుంటే రెండోవాడు ఎప్పుడైనా వచ్చి బిళ్ళ వేసి సవాలు చేయవచ్చు. ఓడినవాడు తప్పుకోవాలి, గెలిచినవాడు అదే బిళ్ళమీద కొనసాగుతాడు. ఇక్కడే ఉంది కిటుకంతా. మిషన్‌తో ఆడే ఆట ఎంత గొప్పదైనా ఒకనాటికి కంఠతా వచ్చేస్తుంది. మనిషితో ఆడే ఆట రాదు. షాపువాడికీ లాభమే, ఐదు నిమిషాలు తిరిగేసరికి ఇంకో బిళ్ళ పడుతుంది.

మా ఊళ్ళో అలాంటి షాపు బస్టాండుకు కాస్త ఇవతల ఉండేది. రేకుల కప్పు, లోపల మూడు మిషన్లు, ఎప్పుడూ చీకటి. 1994 దసరా సెలవుల్లో అనుకుంటాను, నాకు పదమూడేళ్ళు. అన్నానికి తమ్ముణ్ణి పిలుచుకురమ్మని అమ్మ పంపేది. ఆడపిల్లలు లోపలికి పోయే చోటు కాదది. గుమ్మం దగ్గర నిలబడి పిలవాలి, వాడు "ఒక్క ఆట అక్కా, అయిపోతుంది" అనాలి. అలా నిలబడి నిలబడి తెరమీద రెండు కొప్పుల పిల్లను చూశాను. నీలం బట్టలు, చేతులకు ముళ్ళ కడియాలు.

"గా పిల్ల ఎవర్రా?"

"చున్ లీ. తక్కువ అనుకోకక్కా, కాలు లేపిందంటే మల్ల కనవడదు."

నిజంగానే కనపడలేదు. తన్ను బటన్ టకటకా కొడుతూ పోతే ఆ అమ్మాయి కాలు కాస్తా ఒక మసకలా తయారై, ఎదుట నిలబడిన కొండలాంటివాడు వెనక్కి జారిపోతున్నాడు. గుంపులో ఒకడు "ఆడపిల్లతోని ఓడిండ్రా!" అని అరిచాడు. ఓడినవాడు జేబు తడుముకుని ఇంకో రూపాయి తీశాడు. ఈసారి వాడూ చున్ లీ కావాలన్నాడు. కుదరదు! అప్పటి మిషన్‌లో ఒకే మనిషిని ఇద్దరూ తీసుకోవడానికి వీల్లేదు. ఇంతలో కరెంటు పోయింది. రూపాయి కూడా పోయింది.

ఆ అమ్మాయి గురించి చాలా ఏళ్ళ తర్వాత నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి. కథలో చున్ లీ అంతర్జాతీయ పోలీసు. తండ్రిని చంపినవాణ్ణి వెతుక్కుంటూ వచ్చింది. ఈ ఆటలో ప్రతివారికీ తెరపైన ఒక గీత ఉంటుంది, అది వాళ్ళ ప్రాణం. దెబ్బ తగిలినకొద్దీ తరిగిపోతుంది. ఆట తయారవుతున్న రోజుల్లో, చున్ లీ ఆడమనిషి గనక, ఆడవాళ్ళకు బలం తక్కువ గనక, ఆ గీతను మిగతావాళ్ళకంటే పొట్టిగా పెడదామన్న మాట వచ్చిందట. బయటివాళ్ళ నోటినుంచి కాదు, ఆట చేస్తున్నవాళ్ళ మధ్యనే. వద్దన్నవాళ్ళు గట్టిగా నిలబడ్డారు. గీత ఏడుగురికీ ఎంతో ఆమెకూ అంతే అయింది. ఆ మాటే చెల్లి ఉంటే మా తమ్ముడు ఆమెను ఎంచుకునేవాడా? గుమ్మంలో నిలబడ్డ నేను, ఆడపిల్ల ఓడిపోవడం చూసి, ఔను మరి, అంతే కదా అనుకుని ఇంటికి పోయేదాన్ని.

సంగీతం కూడా చాలావరకు ఒక ఆడపిల్లదే. యోకో షిమోమురా. ఒసాకా సంగీత కళాశాలలో పియానో చదివి, 1988లో ఈ కంపెనీలో చేరింది. బుద్ధిగా పియానో టీచరుగా స్థిరపడుతుందనుకున్న ఇంట్లోవాళ్ళు గేముల కంపెనీ అనేసరికి కంగారుపడ్డారట. మనకు తెలియని కంగారా అది! ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క వరస కట్టింది. చున్ లీ పాట వింటే చైనా, గైల్ పాట వింటే సైనికుల కవాతు. ప్రాణం గీత అడుగంటితే అదే వరస గబగబా పరుగెడుతుంది, మన గుండె కూడా దాంతోబాటే. అప్పుడామెకు నిండా పాతికేళ్ళు లేవు. ఆ కంపెనీ అలవాటు ప్రకారం ఆటలో అసలు పేర్లకు బదులు ముద్దుపేర్లు వేసేవారు గనక, ఆ వరసలు కట్టింది ఎవరో మా బస్టాండు పిల్లలకే కాదు, లోకంలో చాలామందికి చాలాకాలం తెలియలేదు.

మనవాడి సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరు. అవును, ఎనిమిదిమందిలో ఒకడు భారతీయుడు. పేరు ధల్సిమ్. ఏ ఊళ్ళో పెట్టే పేరో నాకు తెలియదు. ఎముకల గూడులాంటి యోగి, మెడలో పుర్రెల దండ, నోట్లోంచి నిప్పులు. చేతులూ కాళ్ళూ రబ్బరులా తెర ఆ చివరిదాకా సాగుతాయి. వెనక వరసగా ఏనుగులు ఘీంకరిస్తుంటాయి. ఈ సాగే చేతుల ఊహ మన పురాణాల నుంచి వచ్చింది కాదు, 1970ల నాటి ఒక కుంగ్‌ఫూ సినిమాలోని యోగి నుంచి వచ్చింది. భారతదేశమంటే పైవాళ్ళకు యోగులూ ఏనుగులేనా అని ఒళ్ళు మండుతుంది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయన మనసు మాత్రం మంచిది. కొట్లాట ఇష్టం లేదు. తన పేద ఊరికోసం డబ్బు కూడబెట్టడానికి వచ్చాడు. ఆ పుర్రెలు కూడా ఊళ్ళో జబ్బుచేసి పోయిన పిల్లలవట. మా ఊరి కుర్రాళ్ళు 'సాగే సామి' అని పిలిచేవారు. నెమ్మదిగా నడుస్తాడని మొదట్లో ఎవరూ ముట్టేవారు కాదు. దూరం లెక్క తెలిసిన ఒక్కడు ఆయన్ను పట్టుకున్నాక మిగతావాళ్ళకు చాలారోజులు మిషన్ దక్కలేదు.

1992లో సవరించిన కూర్పు వచ్చింది. అందులో ఇద్దరూ చున్ లీనే తీసుకోవచ్చు. మొదట మిషన్ చేతిలోనే ఉన్న నలుగురు ప్రతినాయకులను కూడా మనం ఆడవచ్చు. (వాళ్ళ పేర్లది ఇంకో తమాషా. బాక్సరు అచ్చం మైక్ టైసన్‌లా ఉన్నాడు, జపానులో పేరు కూడా బైసన్. అమెరికాలో దావా పడుతుందేమోనని ముగ్గురి పేర్లు గుండ్రంగా మార్చేశారు. అందుకే జపానువాడూ అమెరికావాడూ ఈ ఆట గురించి మాట్లాడుకుంటే ఇప్పటికీ గందరగోళమే.) ఈలోగా దొంగ సర్క్యూట్ బోర్డులు బయల్దేరాయి. వాటిలో మనుషులు పిచ్చివేగంతో దూకుతారు, గాల్లో ఎగురుతూ వెలుగు ముద్దలు వదులుతారు. న్యాయంగా చూస్తే చెత్త ఆట. కానీ ఆ వేగం జనానికి నచ్చింది. కంపెనీ ఉక్రోషపడి ఊరుకోకుండా, 1992 చివర్లో తానే వేగం పెంచిన టర్బో కూర్పు తెచ్చింది. దొంగ దగ్గర కూడా నేర్చుకున్నదంటే మెచ్చుకోవాలి. ఇళ్ళలో ఆడుకునే సూపర్ నింటెండో పెట్టెకు అదే ఏడాది వచ్చిన స్ట్రీట్ ఫైటర్-2 ఒక్కటే 60 లక్షల పైచిలుకు అమ్ముడుపోయింది.

1993లో ఇంకో నలుగురు మనుషులు చేరారు, 1994లో ఇంకో కూర్పు. అన్నీ రెండో భాగాలే. ఈ కంపెనీకి మూడు లెక్కపెట్టడం రాదా అని ఆడేవాళ్ళు హాస్యమాడేవారు. మా తమ్ముడి తరం మాత్రం అప్పటికే అదే కంపెనీవారి ముస్తఫా ఆటమీద పడింది. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, అయితే హైదరాబాదులోగానీ మా వైపుగానీ ఆ పేరంటే ఎవరికి తెలుసు? ముస్తఫా అంటేనే తెలుస్తుంది.

చివరికి 1997లో మూడో భాగం వచ్చింది. బొమ్మలు మహా అందంగా గీశారు. పాతవాళ్ళలో ర్యూనూ కెన్‌నూ ఉంచుకుని మిగతా అందర్నీ పంపేశారు. జంగీఫ్ లేడు, సాగే సామి లేడు, చున్ లీ లేదు. పాత అభిమానులు మొహం చాటేశారు. అదే ఏడాది రెండో కూర్పు తెచ్చారు, అందులోనూ చున్ లీ లేదు. 1999లో మూడో కూర్పు వచ్చినప్పుడు గానీ ఆ రెండు కొప్పుల పిల్ల తిరిగి రాలేదు.